రక్తాన్ని వడకడితే ఊపిరి నిలబడుతుందా?

ఐసీయూలో వాడే డయాలసిస్ ఫిల్టరు జానెడు పొడవుండే ప్లాస్టిక్ గొట్టం. లోపల వెంట్రుకల్లాంటి బోలు దారాలు వేలల్లో ఉంటాయి. రక్తం వాటిలోంచి పారుతుంటే నీరు, చిన్న అణువులు దారాల గోడల్లోంచి బయటికి ఊరిపోతాయి. మిగిలిన రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్తుంది.

కిడ్నీలకు అక్కరకొచ్చిన ఈ జల్లెడ ఊపిరితిత్తులకూ పనికొస్తుందేమోనన్న ఆశ చాలా ఏళ్లుగా ఉంది. న్యుమోనియానో, ఇన్ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపుతప్పి స్పందించే సెప్సిసో ముదిరితే ఊపిరితిత్తుల్లోని గాలి గదుల గోడలు దెబ్బతిని, లోపలికి నీరు చేరుతుంది. ఎంత ఆక్సిజన్ పెట్టినా రక్తానికి అందదు. దీన్ని ఏఆర్‌డీఎస్ అంటారు. డెన్వర్ డాక్టర్లు 1967లో 12 మంది రోగుల గురించి రాస్తూ దీన్ని మొదటిసారి వివరించారు. ఈ జబ్బులో ఒంట్లో రేగే మంటను (ఇన్‌ఫ్లమేషన్‌ను) రాజేసేవాటిలో, కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే సైటోకైన్లనే ప్రోటీన్లు ముఖ్యమైనవి. కోవిడ్ రోజుల్లో మనవాళ్లు రిపోర్టులో చూసి టెన్షన్ పడిన ఐఎల్-6 వాటిలో ఒకటే. అవి రక్తంలో తిరుగుతున్నాయి కదా, తీసేస్తే పోలా?

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఆ పనే చేసి చూశారు. కోవిడ్ ముదిరి, రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపే ఎక్మో యంత్రం మీదికి వెళ్లిన 34 మందిలో సగం మందికి, సైటోకైన్లను పీల్చుకునే పూసలున్న ఫిల్టరును మూడు రోజులు తగిలించారు. నెల తర్వాత ఫిల్టరు పెట్టనివాళ్లలో 17కి 13 మంది బతికున్నారు. పెట్టినవాళ్లలో ముగ్గురే. చిన్న అధ్యయనమే, నిజమే. అయినా ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పైగా ఐఎల్-6 కూడా రెండు గుంపుల్లో దాదాపు ఒకేలా తగ్గింది.

ఎందుకిలా అయిందో కచ్చితంగా తేలలేదు. కానీ సైటోకైన్లు పుట్టేది కణజాలంలో. రక్తంలో కనిపించేది అక్కడినుంచి పొంగి వచ్చిన భాగమే. పైగా ఫిల్టరుకు మంచీ చెడూ తెలియవు. మంటను చల్లార్చే అణువులూ, కొన్ని యాంటీబయాటిక్సూ దానిలోనే పోతాయి. కిడ్నీలు పాడైనప్పుడు డయాలసిస్ తప్పదు, అది వేరే సంగతి. ఊపిరితిత్తుల కోసమే రక్తం కడుగుతామంటే మాత్రం, ఇప్పటికున్న ఆధారాలతో నేను ఒప్పుకోలేను.

ప్రాణాలు నిలిపినవి ఇంతకన్నా సాదా పనులు. వెంటిలేటర్ ఒక్కో శ్వాసకు పంపే గాలిని, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల నుంచి 6కు తగ్గిస్తే మరణాలు 40 శాతం నుంచి 31 శాతానికి దిగాయని 2000లో అమెరికాలో తేలింది. తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లను రోజుకు 16 గంటలు బోర్లా పడుకోబెడితే మరణాలు సగమయ్యాయని 2013లో ఫ్రాన్స్, స్పెయిన్ డాక్టర్లు చూపించారు. దానికి కొత్త యంత్రమేమీ అక్కర్లేదు. నలుగురైదుగురు మనుషులు కలిసి మెల్లగా తిప్పుతారు. ఒకరు తల దగ్గర నిలబడి, గొంతులోని గొట్టం జారకుండా పట్టుకుంటారు.