ఆరు నుంచి ప్లస్ టూ దాకా: చెన్నై కార్పొరేషన్ బడి గురించి అపోహలు, వాస్తవాలు

టెన్త్ రిజల్ట్స్ వచ్చిన మర్నాడు కొరుక్కుపేట నుంచి ఒకామె టీసీ కోసం వచ్చింది. టిఫిన్ బండి నడుపుతుంది. చేతులకి ఇంకా శనగపిండి అంటుకునే ఉంది. "బాబుకి మంచి మార్కులొచ్చినాయి టీచరమ్మా. ఈ రెండేళ్ళూ ప్రైవేటులో చేర్పిస్తాం. డాక్టర్ సీటుకి కోచింగ్ కూడా అక్కడే ఇస్తారంట" అంది. "మరి ఏడున్నర శాతం పోతుంది కదమ్మా" అన్నాను. "అదెట్లా పోతుంది? టెన్త్ దాకా ఇక్కడే చదివినాడు కదా!"

ఏటా మే, జూన్ నెలల్లో ఈ మాట వింటూనే ఉంటాను. అందుకే ముందు దీని గురించే రాస్తున్నాను.

అపోహ: కొన్నేళ్ళు గవర్నమెంట్ బడిలో చదివితే చాలు, మెడికల్ సీట్లలో గవర్నమెంట్ బడి పిల్లలకి ఇచ్చే 7.5 శాతం కోటా వస్తుంది.

వాస్తవం: రాదు. 2020లో తమిళనాడు చేసిన చట్టం ప్రకారం ఆరో తరగతి నుంచి ప్లస్ టూ (పన్నెండో తరగతి) దాకా ఏడేళ్ళూ గవర్నమెంట్ బడిలోనే చదివుండాలి. మధ్యలో ఒక్క ఏడాది ప్రైవేటుకి వెళ్ళినా కోటా పోయినట్టే. ఆర్‌టీఈ (విద్యా హక్కు చట్టం) సీటులో ఎనిమిది దాకా ప్రైవేటులో చదివి, తొమ్మిది నుంచి ప్లస్ టూ దాకా గవర్నమెంట్ బడిలో చదివిన పిల్లలకి మాత్రమే మినహాయింపు ఉంది. మొదట మెడికల్, డెంటల్ సీట్లకి వచ్చిన ఈ కోటా 2021లో ఇంజనీరింగ్, వ్యవసాయం, వెటర్నరీ, లా కోర్సులకి కూడా వచ్చింది. ఈ కోటాలో సీటు వస్తే ఫీజు ప్రభుత్వమే కడుతుంది. నీట్ మాత్రం పాసవ్వాల్సిందే. కానీ ఆ సీట్లకి మన పిల్లలు పోటీపడేది తమలాంటి గవర్నమెంట్ బడి పిల్లలతోనే. ఏళ్ళ తరబడి కోచింగ్‌కి లక్షలు పోసినవాళ్ళతో కాదు. ఈ తేడా ఎంత పెద్దదో కౌన్సెలింగ్ హాల్లో కూర్చున్నవాళ్ళకి తెలుసు. చట్టానికి ముందు మెడికల్ కాలేజీల్లో గవర్నమెంట్ బడి పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉండేవాళ్ళు. తర్వాత వందల్లో చేరారు.

కొన్నేళ్ళ కిందట మా దగ్గరే చదివిన ఒకబ్బాయి సంగతి చెబుతాను. ఆరు, ఏడు, ఎనిమిది మా బడిలో. తొమ్మిది, పది ఊరి బయట ఒక ప్రైవేటు హాస్టల్లో. ఖర్చు తట్టుకోలేక ప్లస్ వన్‌కి మళ్ళీ మా దగ్గరికే వచ్చాడు. బాగా చదివాడు, నీట్ పాసయ్యాడు. కౌన్సెలింగ్‌కి చదువు సర్టిఫికేట్ కావాలని వాళ్ళ నాన్న వచ్చాడు. నేను అడ్మిషన్ రిజిస్టర్ తీశాను. ఒక పేజీలో వాడి పేరు, పక్కన ఎర్ర ఇంకుతో బడి వదిలిన తేదీ. ఇంకో రిజిస్టర్‌లో అదే పేరు, కొత్త నంబరు, ప్లస్ వన్‌లో చేరిన తేదీ. మధ్యలో రెండేళ్ళు లేవు. "ఆ రెండేళ్ళూ ఇక్కడే చదివినట్టు రాసివ్వండి టీచరమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడాయన. ఎవరు రాయగలరు? ఎమిస్ (ప్రతి పిల్లాడి చదువు వివరాలుండే ప్రభుత్వ రికార్డు) నంబరు కొడితే ఏ ఏడాది ఏ బడిలో ఉన్నాడో కంప్యూటరే చెబుతుంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ తండ్రిది తప్పని నేననను. పక్కింటివాళ్ళు ఒకటి చెబుతారు, వాట్సాప్‌లో ఇంకొకటి వస్తుంది. బిడ్డ ఎక్కడ వెనకబడిపోతాడోనని టెన్షన్. నా కోపమంతా "ఏం కాదు, చేర్పించేయండి" అని చెప్పి టీసీ తెప్పించే ఏజెంట్ల మీదే.

దీనికి తోబుట్టువు లాంటి పొరపాటు ఇంకొకటుంది. ఫీజు లేదు, పుస్తకాలు ఊరికే ఇస్తున్నారు, మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు కాబట్టి అది గవర్నమెంట్ బడే అనుకుంటారు. ఎయిడెడ్ బడి, అంటే ప్రభుత్వ సాయంతో ప్రైవేటువాళ్ళు నడిపే బడి కూడా అచ్చం అలాగే ఉంటుంది. కానీ 7.5 శాతం దానికి వర్తించదు. బోర్డు మీద తమిళంలో "అరసు ఉదవి పెరుమ్" (ప్రభుత్వ సాయం పొందే) అని ఉంటే అది ఎయిడెడ్. కార్పొరేషన్ బడి మాత్రం ఈ చట్టం కింద గవర్నమెంట్ బడే. "చెన్నై హైయర్ సెకండరీ స్కూల్" అన్న పేరు చూసి ప్రైవేటు అనుకోకండి, అవి మన కార్పొరేషన్ బడులు. హైస్కూల్లో టెన్త్‌తో ఆగి, ప్లస్ వన్‌కి ఇంకో గవర్నమెంట్ బడికి మారితే ఏ ఇబ్బందీ లేదు. రెండు చోట్లా సర్టిఫికేట్ తీసుకుంటే సరిపోతుంది.

అపోహ: తెలుగు మీడియం పిల్లలకి ఇవేవీ రావు.

వాస్తవం: 7.5 శాతానికి బడి ఎవరిదన్నదే లెక్క, మీడియం కాదు. మన పిల్లలకి అసలు కష్టం తమిళం పేపరుతో వచ్చింది. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేశారు. ఏటా ఒక్కో తరగతి పెరుగుతూ 2015-16కి అది టెన్త్‌కి చేరింది. మినహాయింపు కోసం తెలుగువాళ్ళు కోర్టుల దాకా వెళ్ళారు. ఒకటి నుంచి నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ఇబ్బంది లేకుండా రాస్తున్నారు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో వచ్చి చేరేవాళ్ళకే ఏడుపు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే చేరిన రోజే తమిళం టీచర్‌ని కలవండి, అర్ధ సంవత్సరం పరీక్షల దాకా ఆగకండి.

అపోహ: గవర్నమెంట్ పుస్తకాలు వేరు, మెట్రిక్యులేషన్ (ప్రైవేటు) బడుల పుస్తకాలు వేరు.

వాస్తవం: సమచ్చీర్ కల్వి (అందరికీ ఒకే రకం చదువు) వచ్చాక, అంటే 2011 నుంచి, ఒకే పుస్తకం, ఒకే పబ్లిక్ ఎగ్జామ్.

అపోహ: కార్పొరేషన్ బడిలో అన్నం తప్ప ఏముంది?

ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. ఆ అన్నం వెనక ఉన్నది మన తెలుగువాడే. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి. టీ నగర్‌కి ఉన్నది ఆయన పేరే. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లకి రోజుకి ఒక అణా మించకుండా టిఫిన్ పెట్టాలని ఆయన హయాంలోనే తీర్మానించారు. 1956లో కామరాజ్ మధ్యాహ్న భోజనం, 1982లో ఎంజీఆర్ పోషకాహార పథకం, 2022లో ఐదో తరగతి దాకా పొద్దుటి టిఫిన్ ఆ తర్వాత వచ్చాయి. ఆకలితో కూర్చున్న పిల్లకి లెక్కలు ఎక్కవని నేను రోజూ చూస్తున్నాను.

ఆటలు, ఎన్ఎస్ఎస్, జేఆర్‌సీ (జూనియర్ రెడ్‌క్రాస్) అన్నీ ఉన్నాయి. 2022 నుంచి కలై తిరువిళా (కళల పండుగ) జరుగుతోంది. బడిలో మొదలై రాష్ట్రం దాకా పోటీలు. క్లాసులో పేరు పిలిస్తే తలెత్తని మా ఎనిమిదో తరగతి అమ్మాయి, పరై (డప్పు) కర్రలు చేతికిస్తే స్టేజీ మీద నిలబడి వాయించింది. మార్కులు తగ్గుతాయని అలాంటి పిల్లని ఆపకండి.

ఆ టిఫిన్ బండి అమ్మ ఇంకా ఏదీ తేల్చుకోలేదు. టీసీ కోసం ఆమె రాసిచ్చిన కాగితం నా టేబుల్ సొరుగులోనే ఉంది, హెచ్ఎం దాకా పంపలేదు. మీరు కూడా అలాంటి కాగితం రాసే ముందు, పిల్లాడు ఆరో తరగతి నుంచి ఎక్కడెక్కడ చదివాడో ఒక తెల్ల కాగితం మీద వరసగా రాసుకుని బడికి రండి. పొద్దున తొమ్మిదికల్లా నేనుంటాను.