డ్రిప్పు పైపులో పాచి

చీనీ (బత్తాయి) తోటలో నీటిచుక్కలు వదిలే డ్రిప్పర్లు మూసుకుపోతే మన రైతులు మొదట నీళ్లలోని సున్నాన్నే తిడతారు. అందులో తప్పేమీ లేదు. అనంతపురం జిల్లాలో లోతు బోర్ల నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లే. కానీ మూసుకుపోయిన లేటరల్ పైపును, అంటే చెట్ల వరుస వెంట పరిచే సన్న గొట్టాన్ని, ఒకసారి నిలువునా చీల్చి, లోపల వేలు పెట్టి చూడండి. తెల్లటి గరుకు పక్కనే గోధుమరంగు జిగురు తగులుతుంది. గంజిలా వేలికి సాగుతుంది, నీళ్లు పోస్తే పోదు, గోరుతో గీకాలి. అది బ్యాక్టీరియా తన చుట్టూ కట్టుకున్న పొర. దీన్నే బయోఫిల్మ్ అంటారు. మన పళ్ల మీద పాచి ఇదే. కర్నూలులో తుంగభద్ర మెట్ల మీద కాలు జారేది కూడా నాచుతో కలిసిన ఈ పొర వల్లే.

శుభ్రమైన ప్లాస్టిక్ ముక్కను నీళ్లలో ముంచితే కొద్దిసేపట్లోనే నీళ్లలోని సేంద్రియ పదార్థాలు దాని మీద పల్చగా పరుచుకుంటాయి. బ్యాక్టీరియా వచ్చి వాలేది ఆ పూత మీద. మొదట ఊరికే తాకుతుంది, వదిలేసి వెళ్లిపోనూ వచ్చు. ఉండాలని తేలాక దాని ఒంట్లో ఒక చిన్న అణువు మోతాదు పెరుగుతుంది. పేరు సైక్లిక్ డై జీఎంపీ. జెరూసలేంలో మోషే బెంజిమన్ బృందం 1987లో, సెల్యులోజ్ తయారుచేసే ఒక బ్యాక్టీరియాను పరిశీలిస్తూ దీన్ని కనిపెట్టింది. ఈ అణువు పెరిగితే ఈత తగ్గుతుంది, జిగురు ఊరడం మొదలవుతుంది. ఆ జిగురులో చక్కెర గొలుసులు, ప్రోటీన్లు ఉంటాయి, కణాల బయటికి వచ్చిన డీఎన్ఏ కూడా ఉంటుంది.

బ్యాక్టీరియా ఇలా అంటుకోవడం మీద పీహెచ్‌డీ చేసేవాళ్ల రోజు చాలావరకు అరచేతిలో పట్టే ఒక ప్లాస్టిక్ పలక చుట్టూ తిరుగుతుంది. దానికి 96 గుంతలు. ఒక్కో గుంతలో బ్యాక్టీరియా ఉన్న ద్రవం పోసి, కదపకుండా కొన్ని గంటలు ఉంచుతారు. తర్వాత బోర్లించి పారబోసి, నీళ్లతో కడిగి, క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు పోస్తారు. మళ్లీ కడిగితే ఈదుతున్నవన్నీ పోయి, అంటుకున్నవి మాత్రం గుంత గోడకు రంగు పట్టి మిగులుతాయి. ద్రవానికీ గాలికీ మధ్య గీత దగ్గర చాలా రకాల్లో ఊదా ఉంగరం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రంగును ఆల్కహాల్‌లోనో అసిటిక్ ఆమ్లంలోనో కరిగించి, ఎంత చిక్కగా ఉందో యంత్రంతో కొలుస్తారు. అంతా చేతివాటం మీద ఆధారపడిన పని. గట్టిగా కడిగితే పొర ఊడిపోతుంది, మెల్లగా కడిగితే అంటుకోనివి కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే ఒకే రకాన్ని చాలా గుంతల్లో, వేర్వేరు రోజుల్లో మళ్లీ మళ్లీ పెడతారు. బయటివాళ్లకు విసుగ్గా కనిపించే ఈ పునరావృతమే నాకు ఈ పరిశోధనలో అన్నిటికన్నా గౌరవం కలిగించేది.

ఇంత మామూలు పరీక్షతోనే 1998లో జార్జ్ ఓటూల్, రాబర్టో కోల్టర్ అనే శాస్త్రవేత్తలు ఒక పెద్ద సంగతి తేల్చారు. సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియాలో ఒక్కో జన్యువును చెడగొట్టి, ఏది అంటుకోలేకపోతుందో చూశారు. ఈదే తోక లేనివి గోడను సరిగా పట్టుకోలేకపోయాయి. పట్టుకుని పాకే సన్నటి నూగు లేనివి మాత్రం గోడ మీద ఒక్క వరుసగా పరుచుకున్నాయి గానీ గుంపు కట్టలేకపోయాయి. అంటే గోడను చేరడం ఒక పని, గుంపు కట్టడం ఇంకో పని.

ఆస్పత్రుల్లో ఈ గుంపు కట్టడమే ప్రాణాల మీదికి తెస్తుంది. మూత్రపు గొట్టం మీద, కృత్రిమ కీలు మీద పొర కట్టిన బ్యాక్టీరియా, విడిగా ఈదే అదే బ్యాక్టీరియా కన్నా 10 నుంచి 1000 రెట్లు ఎక్కువ యాంటీబయాటిక్‌ను తట్టుకోగలదు. జిగురు అడ్డుపడటం ఒక్కటే కారణం కాదు. పొర లోపల ఆక్సిజన్, తిండి తక్కువ కాబట్టి అక్కడి కణాలు దాదాపు ఎదగకుండా పడి ఉంటాయి. ఎదిగే కణాలనే కొట్టే మందులకు అవి దొరకవు. అయినా ఏ మందు పనిచేస్తుందో చెప్పే మామూలు ల్యాబ్ పరీక్ష పొర కట్టిన బ్యాక్టీరియా మీద జరిగేది కాదు. ఈ విషయం డాక్టర్లతో పాటు రోగులకూ తెలియాలి. లోపలి కణాలకు మందు అందదన్నది కొత్త సంగతేమీ కాదు. సూక్ష్మజీవులను మొదట చూసినవాళ్లలో ఒకడైన డచ్ దేశస్థుడు ఆంటనీ వాన్ లీవెన్‌హుక్ 1683లోనే తన పళ్ల పాచిని సూక్ష్మదర్శిని కింద చూసి, వెనిగర్‌తో పుక్కిలిస్తే పై పొరలోని జీవులే చచ్చాయని, లోపలివి బతికే ఉన్నాయని రాశాడు.

డ్రిప్పులోనూ అంతే. బ్యాక్టీరియాను చంపడానికి నీళ్లలో కలిపే క్లోరిన్ పై పొరతోనే చర్య జరిపి చాలావరకు ఖర్చైపోతుంది. సున్నం జిగురులో చిక్కుకుంటుంది, పైపులో వదిలే ఎరువు బ్యాక్టీరియాకు మేతవుతుంది. కాబట్టి యాసిడ్ ఒక్కటే పోస్తే సున్నం కరుగుతుంది గానీ జిగురు మిగిలిపోవచ్చు. ముందు లేటరళ్ల చివర మూతలు విప్పి నీళ్లు వేగంగా పోనివ్వాలి. తర్వాతే మందు. గట్టి నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలిపితే అందులోని కాల్షియం మళ్లీ మడ్డిగా దిగుతుంది కనుక సోడియం హైపోక్లోరైట్ ద్రావణం నయం. యాసిడ్‌నూ క్లోరిన్ మందునూ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

అంటుకునే గుణం అన్నిచోట్లా చెడ్డది కాదు. మన వేరుశనగకు నత్రజని అందించే రైజోబియం జాతులు ముందు వేరును పట్టుకోవాలి. పక్క వేర్లు పుట్టుకొచ్చే చోట పడే చీలికల్లోంచి అవి లోపలికి వెళ్తాయి. విత్తనానికి ఆ బ్యాక్టీరియా ఉన్న కల్చర్ పట్టించి నీడలో ఆరబెట్టేది అవి అక్కడిదాకా ప్రాణాలతో చేరాలనే.

శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో మైక్రోబయాలజీ చదివే పిల్లలు సీసాలో కలిపిన పోషక ద్రవం పక్కన మన బోరు నీళ్లను కూడా ఆ 96 గుంతల్లో పోసి చూడాలని నా కోరిక. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే నేల మీద డ్రిప్పు పైపు మూసుకుపోతే చెట్టే పోతుంది. కరెంటు పోయి మోటారు ఆగితే నల్ల పైపులో నిలిచిన నీళ్లు మే నెల ఎండకు కాగుతాయి. ఆ వేడికి పొరలో ఏ రకాలు చస్తాయి, ఏవి మిగులుతాయి, మళ్లీ నీళ్లు వదిలాక గోడను ముందు పట్టుకునేది ఏది? ఇందులోనే ఒక మంచి పీహెచ్‌డీకి సరిపడా పని ఉంది.