మిరియమ్ మకేబా, ఆమె కూతురు బాంగీ: అపోహలు - వాస్తవాలు

గాత్రం నేర్పే క్లాసులో ఆఫ్రికా పాటలు కూడా వినిపిస్తుంటాను. దక్షిణాఫ్రికా గాయని మిరియమ్ మకేబా పేరెత్తగానే ఈ మాటలే వస్తుంటాయి.

అపోహ: ఆమె సోల్ గాయని.

వాస్తవం: సోల్ అమెరికా నల్లజాతివాళ్ళ చర్చి పాటల్లోంచి పుట్టింది. మిరియమ్‌ది జొహనెస్‌బర్గ్ టౌన్‌షిప్పుల (నల్లజాతివాళ్ళను విడిగా ఉంచిన పేటల) జాజ్‌లో, అక్కడి జోసా, జులూ భాషల పాటల్లో పండిన గొంతు. అమెరికాలో ఉన్నప్పుడు సోల్ ప్రభావం కొంత పడింది, అంతే.

అపోహ: పాట మధ్యలో ఆ 'టక్ టక్' నోటితో చేసే తమాషా.

వాస్తవం: ఇది వింటే నిజంగా బాధేస్తుంది. అవి జోసా భాషలో హల్లులు, మన క, ట లాంటివే. ముఖ్యంగా మూడు రకాలు. నాలుక కొన పళ్ళ వెనక ఆనించి లాగితే, అయ్యో పాపం అనుకుంటూ మనం చేసే చప్పుడే వస్తుంది. నాలుక పక్కనుంచి లాగితే రెండోది, బండివాళ్ళు ఎడ్లను అదిలించే శబ్దంలా ఉంటుంది. అంగిటికి అంటించి టక్కున వదిలితే మూడోది. 'కొంగొత్వానే' అనే పెళ్ళిపాటలో గట్టిగా వినిపించేది ఇదే. పిల్లలు విడిగా బాగానే పలుకుతారు, వెంటనే అచ్చు రాగానే తాళం తప్పుతారు. మిరియమ్ పాటలో ఆ అతుకే కనబడదు.

అపోహ: 'పాటా పాటా' ఆమె పాటల్లో అన్నిటికన్నా గొప్పది.

వాస్తవం: 1967లో అమెరికాలో పెద్ద హిట్టే. కానీ అది హాయిగా డాన్సు చేసుకునే పాట. తన పాటల్లో అంత బరువు లేనివాటిలో అదొకటని ఆమే అంది.

అపోహ: కూతురు బాంగీ అమ్మ వెనక కోరస్ పాడింది, అంతే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనిపించేది దీని గురించే. బాంగీ 1950లో పుట్టింది, అప్పటికి తల్లికి 18 ఏళ్ళు. 1960లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం అమెరికాలో ఉన్న మిరియమ్‌ను సొంత తల్లి అంత్యక్రియలకు కూడా రానివ్వలేదు. ఆ ఏడాదే తొమ్మిదేళ్ళ బాంగీ అమెరికాలో అమ్మ దగ్గరికి చేరింది. పెద్దయ్యాక భర్త నెల్సన్ లీతో కలిసి సింగిల్స్ (విడిగా విడుదలయ్యే పాటలు) పాడింది. సొంతంగా ఒకే ఒక్క ఆల్బమ్ చేసింది. అన్నిటికీ మించి, ఆమె పాటలు రాసేది. మిరియమ్ పేరుమీద మనం వినేవాటిలో కొన్ని బాంగీ రాసినవే. ఆల్బమ్ కవరు మీద పెద్దక్షరాల్లో గాయని పేరే ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. పాట నచ్చితే, రాసిందెవరో కూడా చూడండి.

1985లో గినీ రాజధాని కొనాక్రీలో, కాన్పు కష్టమై బాంగీ చనిపోయింది. వయసు 34. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి మిరియమ్ కూతురి పాటలు పాడుతూనే ఉంది.