వచ్చే వారం విశాఖలో వానా, ఉక్కపోతా?

సెప్టెంబరు ఆఖరుకొచ్చేసరికి విశాఖలో అందరిదీ ఒకటే ప్రశ్న: దసరాకి వాన పడుతుందా? నైరుతి రుతుపవనాల తిరోగమనం మొదలైందని టీవీలో చెప్పగానే చాలామంది గొడుగులు అటకెక్కించేస్తారు. తొందర అక్కర్లేదు. ఆ తిరోగమనం మొదలయ్యేది పశ్చిమ రాజస్థాన్‌లో, మామూలుగా సెప్టెంబరు 17 ప్రాంతంలో. దేశమంతటి నుంచీ వైదొలగడానికి సగటున అక్టోబరు 15 దాకా పడుతుంది. ఈలోగా బంగాళాఖాతం ఊరుకోదు. తుఫాను పుట్టడానికి సముద్రం పైపొర నీరు కనీసం 26.5 డిగ్రీలుండాలంటారు, ఈ రోజుల్లో అక్కడ 28 నుంచి 30 దాకా ఉంటుంది. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్నది మెట్ట రైతు లెక్క, ఉత్తర కార్తెకీ వాన లేకపోతే ఇక ఆశ లేదని. విశాఖ నగరానికి మాత్రం అసలు గండం ఆ కార్తె దాటాక, హస్త, చిత్త కార్తెల్లోనే.

ఈ రుతువులో మన వారం ఎలా గడుస్తుందన్నది చాలావరకు ఒక్క విషయం మీద ఆధారపడుతుంది: అల్పపీడనం ఏర్పడితే అది తీరాన్ని ఎక్కడ తాకుతుంది? అది ఉత్తర ఒడిశా, బెంగాల్ వైపు వెళ్లిపోతే మనకు పడమటి గాలి వీస్తుంది. ఆ గాలి తూర్పు కనుమలు దిగుతూ వేడెక్కుతుంది, మధ్యాహ్నం రావలసిన సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. అక్కడెక్కడో వరదలని వార్తలొస్తుంటే ఇక్కడ చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. అదే అల్పపీడనం కాస్త దక్షిణంగా, కాకినాడ వైపు వస్తే గాలి సముద్రం మీంచి తేమ మోసుకుని నేరుగా మన మీదికే వస్తుంది.

ఇది తెలుసుకోవడానికి ఫోన్ కూడా అక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో గాలి వీపుకు తగిలేలా నిలబడండి. అల్పపీడన కేంద్రం దాదాపుగా మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పిన సూత్రమిది, ఉత్తరార్ధగోళంలో ఇప్పటికీ చెల్లుతుంది. మామూలు రోజుల్లో సముద్రపు గాలి లెక్క తప్పిస్తుంది కాబట్టి గాలి రాత్రీపగలూ ఒకే దిక్కు నుంచి వీస్తున్నప్పుడే దీన్ని నమ్మాలి.

అయితే ఉత్తరాన తీరం దాటిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది, అంటే మనకు ఇంచుమించు 120 కిలోమీటర్ల దూరంలో. అయినా విశాఖలో లోతట్టు ప్రాంతాలు మునిగాయి. కారణం రుతుపవనాలే. అవి ఇంకా ఉన్న రోజుల్లో కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి వీస్తుంటాయి. దాంతో సుడి నిటారుగా నిలవక, పైకి పోయేకొద్దీ నైరుతికి ఒరుగుతుంది. దట్టమైన మేఘాలు ఆ పక్కనే పోగవుతాయి. గులాబ్‌కు నైరుతి పక్కన ఉన్నది మనమే. ఆ తుఫాను అవశేషం దక్కను మీదుగా అరేబియా సముద్రంలో దిగి, షహీన్ అన్న కొత్త పేరుతో ఒమన్‌కు వెళ్లి పడింది!

ఇక హుద్‌హుద్. 2014 అక్టోబరు 6న అండమాన్ వైపు అల్పపీడనంగా కనిపించింది. 12వ తేదీ మధ్యాహ్నానికి నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. అల్పపీడనం నుంచి నగరం మీద విరుచుకుపడే దాకా మధ్యలో ఉన్నది ఆరు రోజులే. ఏడు రోజుల ముందస్తు అంచనాకు వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంకా పుట్టని సుడి ఎటు పోతుందో చెప్పాలి మరి. అందుకే వాతావరణ శాస్త్రజ్ఞులు ఒకే లెక్కను నమ్ముకోరు. ఆరంభ వివరాలను రవ్వంత మారుస్తూ అదే కంప్యూటర్ మోడల్‌ను పదుల సార్లు నడుపుతారు. వాటిలో సుడి పోయే దారులన్నీ ఒకచోట గుమిగూడితే ధీమాగా చెబుతారు, ఒడిశా నుంచి నెల్లూరు దాకా చెల్లాచెదరైతే ‘వేచి చూడాలి’ అంటారు. ఫోన్ యాప్ మాత్రం ఏడో రోజు మీద కూడా మొహమాటం లేకుండా ఒక మేఘం బొమ్మ పెట్టేస్తుంది. నా మటుకు నేను మొదటి రెండు మూడు రోజులే వివరంగా చదువుతాను. ఆ తర్వాతి రోజుల్లో వాన మొగ్గు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే చూస్తాను.

వాతావరణ శాఖ బులెటిన్‌లో ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో పాతిక శాతానికి మించని చోట్ల వాన పడవచ్చని. ‘చాలా చోట్ల’ అంటే సగానికి పైనే. అందువల్ల గాజువాక తడిసి మధురవాడ పొడిగా ఉన్నంత మాత్రాన అంచనా తప్పినట్టు కాదు. వాన కొలతకు రోజు ఉదయం ఎనిమిదిన్నరతో ముగుస్తుంది. ఆ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అతి భారీ అంటే ఎంతో మన డాబా మీదే లెక్కేయొచ్చు: వంద గజాల స్లాబు మీద 120 మిల్లీమీటర్లు కురిస్తే పది వేల లీటర్లు, రెండు పెద్ద ట్యాంకర్ల నీళ్లు. వీధిలోని ఇళ్లన్నిటివీ కలిపి ఒకే కాలువలోకి పోవాలి.

సముద్రంలో ఏ సుడీ లేని వారంలోనూ ఉరుములుంటాయి. పొద్దుటి ఎండకు పాడేరు, అరకు కొండల మీద మేఘాలు లేచి, పైగాలి అనుకూలిస్తే సాయంత్రానికి తీరం వైపు దిగుతాయి. ఏ వీధిలో పడతాయో ముందురోజు చెప్పడం కుదరని పని. రెండు మూడు గంటల ముందు రాడార్ చూసి చెప్పగలరు. పిడుగుల హెచ్చరిక ఫోన్‌కు వస్తే అప్పటికప్పుడు లోపలికి పోవడమే.

వేటకెళ్లే వాళ్లకు వానకంటే గాలి ముఖ్యం. ఫిషింగ్ హార్బర్‌లో వాళ్లు చూసేది పోర్టు సిగ్నల్. ఒకటో నంబరు ఎగరేస్తే గొడవ ఇంకా దూరాన, నడి సముద్రంలో ఉందని. మూడో నంబరైతే పోర్టుకే ఈదురుగాలులు తగలొచ్చని. ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. చివరిది పదకొండు. అది గాలి జోరు చెప్పేది కాదు, తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, వాతావరణం విషమిస్తుందని పోర్టు అధికారే అంచనా వేసుకున్నాడని చెప్పే గుర్తు.