కోసిన చెరకు ఆగదు

చలికాలంలో విశాఖ నుంచి చోడవరం బస్సెక్కితే సబ్బవరం దాటాక కిటికీలోంచి బెల్లం వాసన కొట్టేది. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు దిమ్మలు చేరేది ఈ ఊళ్ల నుంచే. ఇప్పుడు ఆ చేలు చాలావాటిలో సరుగుడు నిలబడి ఉంది.

గిట్టుబాటు లేదంటారు, నిజమే. అయితే నాకు తోచిన కారణం ఇంకొకటి: చెరకుకు ఓపిక లేదు.

గడ కోసిన క్షణం నుంచే లోపల ఇన్వర్టేజ్ అనే ఎంజైము పనిలోకి దిగి, సుక్రోజును, అంటే చెరకులోని పంచదారను, గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడుతుంది. ఇవీ తీపే, కానీ సుక్రోజులా సులువుగా పలుకు కట్టవు, పైగా గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కోసి రెండుమూడు రోజులు పడేసిన చెరకుతో వండితే దిమ్మ సరిగా కట్టదు. కట్టినా వానల్లో నీరు కారుతుంది. అందుకే కోతకూలీలు, బండి, గానుగ, పొయ్యి అన్నీ ఒకే రోజు కుదరాలి. కుర్రాళ్లు ఫార్మా కంపెనీల షిఫ్టులకు పోతున్న ఊళ్లో అది కుదిరే పనేనా?

వంట దగ్గరా అంతే హడావిడి. టన్ను చెరకుకు సుమారు క్వింటా బెల్లం. పొయ్యిలోకి ఎండిన పిప్పి, చెరకే వంటచెరకు! పచ్చిరసానికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది. అలాగే మరిగిస్తే సుక్రోజు మరింత విరుగుతుంది కాబట్టి సున్నం వేసి ఆ పులుపు తగ్గిస్తారు, దాంతో మడ్డీ పైకి తేలుతుంది. పాకం 118 డిగ్రీల దగ్గరికి వచ్చిందని చెప్పడానికి అక్కడ థర్మామీటరు ఉండదు. వండేవాడు చిటికెడు పాకం చన్నీళ్లలో వేసి వేళ్లతో నలుపుతాడు. ఉండ కట్టిందా, పెనం దించేయాల్సిందే.

ఇక గాలివాన వస్తే కోయకముందే నష్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది విశాఖ దగ్గరే. అలాంటి గాలికి పడిపోయిన గడకు కణుపుల దగ్గర వేర్లు పుడతాయి, పక్కమొలకలు లేస్తాయి. వాటికి తిండి గడలో దాచుకున్న పంచదారే.

సరుగుడుకు ఈ తొందర లేదు. మనం ఆకులనుకునే పచ్చటి సన్నపుల్లలు నిజానికి దాని రెమ్మలు. అసలు ఆకులు కణుపుల దగ్గర పొలుసుల్లా అంటిపెట్టుకుని ఉంటాయి, నీటి ఖర్చు తక్కువ. వేరు బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. నాలుగేళ్లకు కర్ర కాగితం మిల్లుకు పోతుంది. ఆ ఏడు ధర నచ్చలేదా, ఇంకో ఏడాది నిలబెట్టుకోవచ్చు. కర్ర లావెక్కుతుందే గాని పాడవదు. కూలీలకు మాత్రం ఆ తోటలో పెద్దగా పని దొరకదు.

మొన్న ఒక చేలో మోకాలెత్తు సరుగుడు మొక్కల మధ్య ఆకుపచ్చ పిలకలు కనిపించాయి. పాత చెరకు దుబ్బులు. రైతు కొడవలితో ఒకదాన్ని కోసి గట్టు మీదికి విసిరాడు.

"తవ్వి పారేసినా లెగుస్తంది బాబూ," అన్నాడు.