ఆ ఫొటో చిరగడానికి ముందు, ఆ తరువాత

1992 అక్టోబరు 3 రాత్రి న్యూయార్క్‌లో, ఎన్‌బీసీ టెలివిజన్ వారి ‘సాటర్‌డే నైట్ లైవ్’ కార్యక్రమంలో, ఇంకా 26 ఏళ్లు నిండని ఐరిష్ గాయని షినేడ్ ఓకానర్ బాబ్ మార్లే పాట ‘వార్’ను వాద్యాలేవీ లేకుండా పాడారు. పాట ముగుస్తుండగా పోప్ రెండవ జాన్ పాల్ ఫొటోను కెమెరా ముందు ఎత్తిపట్టి, ముక్కలుగా చించి, అసలు శత్రువుతో పోరాడమని పిలుపునిచ్చారు. స్టూడియోలో ఒక్క చప్పట్టూ వినిపించలేదు. 2023 జులై 26న ఆమె లండన్‌లో, 56 ఏళ్ల వయసులో మరణించినప్పుడు కూడా ఎందరికో ముందుగా గుర్తుకు వచ్చింది ఈ ఘట్టమే. అయితే దాని మూలాలు అంతకు పదేళ్లకు పైగా వెనుక, డబ్లిన్‌లోని ఒక కాన్వెంటు ఆవరణలో ఉన్నాయి.

ఆమె 1966 డిసెంబరు 8న డబ్లిన్‌లో జన్మించారు. విడాకులను రాజ్యాంగమే నిషేధించిన ఆనాటి ఐర్లాండ్‌లో తల్లిదండ్రులు విడిపోయి వేర్వేరుగా బతికారు. చిన్నతనంలో తల్లి తనను దారుణంగా కొట్టేదని ఆమె జీవితాంతం బహిరంగంగానే చెప్పారు. చిన్న చిన్న దొంగతనాలకు అలవాటుపడటంతో, కౌమారంలో ఆమెను డబ్లిన్‌లోని డ్రమ్‌కాండ్రాలో ఉన్న హై పార్క్ కాన్వెంటు ఆవరణలో సన్యాసినులు నడిపే అన్ గ్రియానన్ అనే శిక్షణ కేంద్రంలో చేర్చారు. అదే ఆవరణలో ఒక మాగ్డలీన్ లాండ్రీ ఉండేది. పెళ్లి కాకుండా తల్లులైనవారు, ఇంటివాళ్లు వదిలేసినవారు, కోర్టులూ అనాథాశ్రమాలూ పంపించినవారు జీతం లేకుండా ఊరి బట్టలు ఉతుకుతూ గడిపిన చోటు అది. ఇలాంటి లాండ్రీలలో 1922 నుంచి 1996 వరకు సుమారు 10 వేల మంది స్త్రీలు పనిచేశారని ప్రభుత్వ నివేదికే తరువాత తేల్చింది. తప్పు చేసినందుకు శిక్షగా ఒక రాత్రి తనను అక్కడి వృద్ధ స్త్రీలు మరణానికి చేరువై పడుకొని ఉన్న గదిలోకి పంపారని, తన గతి కూడా ఇదే కావచ్చన్న హెచ్చరికగా దాన్ని అర్థం చేసుకున్నానని షినేడ్ చెప్పుకున్నారు. ఆమెకు గిటారు దొరికింది కూడా అక్కడే, ఒక సన్యాసిని దయ వల్ల. ఈ రెండో సంగతిని ఆమె ఎన్నడూ దాచలేదు. ఆమె కోపం విశ్వాసం మీద కాదని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్కటి చాలుననిపిస్తుంది.

1987లో తొలి ఆల్బమ్ వచ్చింది. 1990లో అమెరికన్ గాయకుడు ప్రిన్స్ రాసిన పాటతో గుండు చేయించుకున్న ఆమె ముఖం ప్రపంచమంతా తెలిసిపోయింది. 1991లో గ్రామీ పురస్కారాలలో ఆల్టర్నేటివ్ సంగీతానికి మొట్టమొదటిసారి ఇచ్చిన బహుమతి ఆమెనే వరించగా, సంగీత వ్యాపార ధోరణికి నిరసనగా దాన్ని తిరస్కరించారు.

ఇక ఆ ఫొటో సంగతి. 1979లో పోప్ ఐర్లాండ్ పర్యటనకు వచ్చినప్పటి ఆ బొమ్మ ఆమె తల్లి పడకగది గోడకు ఉండేది. 1985లో కారు ప్రమాదంలో తల్లి చనిపోయాక షినేడ్ దాన్ని తీసి ఏళ్ల తరబడి తన దగ్గరే ఉంచుకున్నారు. ‘వార్’ పాటకు ఆధారం 1963లో ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగం. జాతివివక్షను ఖండించే ఆ పాటలో ఆమె ఆ రాత్రి పిల్లలపై హింస అన్న మాటను చేర్చి పాడారు. ఆ హింసను క్యాథలిక్ చర్చి కప్పిపుచ్చుతోందన్నదే ఆమె నిరసన. ఆమె ఏ కారణమూ చెప్పకుండా ఫొటో చించిందన్న మాట అందుకే సరి కాదు. కారణం పాటలోనే ఉంది, వినవలసినవారు వినలేదు.

రెండు వారాలు తిరగకముందే, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాబ్ డిలన్ గౌరవార్థం జరిగిన కచేరీలో జనం గోల చేశారు. పాడవలసిన పాటను వదిలి ఆమె మళ్లీ ‘వార్’నే గొంతెత్తి పాడి దిగిపోయారు. న్యూయార్క్ వీధిలో ఆమె రికార్డులను రోడ్డు రోలరుతో తొక్కించారు. అమెరికాలో ఆమె వాణిజ్య విజయం అంతటితో ఆగిపోయింది. తన దారి తప్పించింది నంబర్ వన్‌గా నిలిచిన ఆ ప్రిన్స్ పాటేననీ, ఫొటో చించడం తనను తిరిగి సరైన దారిలో పెట్టిందనీ ఆమె 2021లో వెలువడిన ఆత్మకథలో రాశారు.

సాక్ష్యాలు ఆ తరువాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 1993లో హై పార్క్ స్థలంలో కొంత భాగాన్ని అమ్మడానికి అక్కడి సమాధులను తవ్వగా 155 మంది స్త్రీల అవశేషాలు బయటపడ్డాయి, వారిలో చాలామందికి మరణ ధ్రువీకరణ పత్రాలే లేవు. 1994లో, పిల్లలపై లైంగిక నేరాలు చేసిన ఫాదర్ బ్రెండన్ స్మిత్ అప్పగింతలో జరిగిన జాప్యం మీద రేగిన వివాదంతో ఐర్లాండ్ ప్రభుత్వమే కూలిపోయింది. 1999 మే నెలలో ప్రధాని బర్టీ అహెర్న్ ఇలాంటి సంస్థలలో చిన్నతనంలో హింసకు గురైన బాధితులకు క్షమాపణ చెప్పారు. 2002లో బోస్టన్ నగరం నుంచి, మతగురువుల నేరాలను చర్చి కప్పిపుచ్చిన ఇదే కథ వెలువడినప్పుడు గానీ అమెరికా మేల్కొనలేదు. మతసంస్థల బడులలో దశాబ్దాలపాటు పిల్లలు అనుభవించిన హింసను 2009లో ర్యాన్ కమిషన్ సంపుటాల కొద్దీ నమోదు చేసింది. 2010లో పోప్ పదహారవ బెనెడిక్ట్ ఐర్లాండ్ విశ్వాసులకు లేఖ రాసినప్పుడు, అందులో బాధ్యత స్వీకారం లేదంటూ షినేడ్ పత్రికలో వ్యాసం రాశారు. 2013 ఫిబ్రవరి 19న ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో మాగ్డలీన్ స్త్రీలకు క్షమాపణ చెబుతూ కన్నీళ్లు ఆపుకోలేకపోయారు.

ఆమె 2018లో ఇస్లాం స్వీకరించారు. 2023 ఆగస్టు 8న అంత్యక్రియల ప్రార్థన నడిపింది ఒక ఇమామ్, హాజరైనవారిలో ఐర్లాండ్ అధ్యక్షుడు మైకేల్ డి. హిగిన్స్ ఉన్నారు. బ్రే పట్టణపు సముద్రతీరంలో, ఆమె ఏళ్ల తరబడి నివసించిన ఇంటి ముందు నుంచి శవవాహనం సాగుతుంటే, దారి పొడవునా నిలబడిన జనం చప్పట్లు కొట్టారు.