టైరు తింటోందా? అలైన్‌మెంట్ స్లిప్పు పక్కన పెట్టి ముందు జాకీ తీయండి

మొన్న మధ్యాహ్నం మళ్లీ అదే కథ. పాత టాటా జెనాన్ పికప్, ముందు ఎడమ టైరు లోపలి అంచు తీగలు బయటపడేదాకా అరిగిపోయింది. డ్రైవర్ కిందికి దిగుతూనే "రెండు టైర్లూ మార్చేసి ఈసారి అలైన్‌మెంట్ గట్టిగా చేయిస్తే సరిపోద్దా మేస్త్రిగారూ" అన్నాడు. గట్టిగా చేయించడం అంటే ఏంటో నాకు ఇప్పటికీ తెలియదు. డాష్‌బోర్డు మీద చూస్తే నాలుగు నెలల్లో మూడు అలైన్‌మెంట్ స్లిప్పులు, మూడూ పచ్చగా, అన్నీ ఓకే అని.

ఇట్లాంటి బండి వారానికి ఒకటైనా వస్తుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: టైరు తింటున్నా, బండి పక్కకి లాగుతున్నా అలైన్‌మెంట్ చేయిస్తే చాలు.

చాలదు. అలైన్‌మెంట్ అంటే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం), క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పక్కకి వాలి ఉండటం), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలి ఉండటం) కొలిచి సర్దడం, అంతే. ఆ కొలతల్ని రోడ్డు మీద పట్టి ఉంచేది చక్రాన్ని ఆర్మ్‌కి కలిపే బాల్ జాయింట్లు, ఆర్మ్‌ని ఛాసిస్‌కి కలిపేచోట ఉండే రబ్బరు బుష్‌లు, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌లు. అవి వదులైతే మెషీన్ చూపించే అంకె బండి ఆ మెషీన్ మీద నిలబడి ఉన్నంతసేపే నిజం. బయటికొచ్చి బ్రేకు తొక్కగానే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని పట్టుకునే కింది చెయ్యి) బుష్‌లో వెనక్కి జరుగుతుంది, టో మారిపోతుంది, గుంతలో పడితే ఇంకోలా మారుతుంది. గుంజ ఊగుతుంటే గేటుని ఎన్నిసార్లు సరిచేస్తే ఏం లాభం? అలైన్‌మెంట్‌కి పోయేది వందల్లో, టైర్లకి పోయేది వేలల్లో. డబ్బు సంగతి అలా ఉంచండి, బాగా అరిగిన బాల్ జాయింట్ ఒకరోజు సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, అప్పుడు చక్రం అడ్డం తిరిగి బండి ముక్కు మీద కూలబడుతుంది. సందులో మలుపు తిరిగేటప్పుడు జరిగితే అదృష్టం, హైవే మీద లోడుతో ఉన్నప్పుడు జరిగితే చెప్పనక్కర్లేదు.

మీరే చూసుకోవచ్చు, పెద్ద విద్యేం కాదు. కాకపోతే జాకీ ఎక్కడ పెట్టాలో తెలియాలి, ఇక్కడే చాలామంది మెకానిక్‌లు కూడా తప్పు చేస్తారు. స్ప్రింగో టార్షన్ బారో (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే పొడుగాటి కడ్డీ) కింది ఆర్మ్‌కి ఉంటే, ఆ ఆర్మ్ కిందే, చక్రానికి దగ్గరగా జాకీ పెట్టి లేపాలి. ఛాసిస్ కింద పెట్టి లేపితే స్ప్రింగ్ బలం జాయింట్‌ని బిగబట్టి ఉంచుతుంది, ఎంత అరిగినా ఆట, అంటే వదులు, కనపడదు. చూసినవాడు "బాగానే ఉంది" అని పంపించేస్తాడు. పై ఆర్మ్‌కి ఉంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఛాసిస్ కిందే పెట్టాలి. జాకీ పక్కన స్టాండు కూడా పెట్టండి, జాకీని నమ్మి కింద దూరొద్దు.

చక్రం గాల్లో ఉండగా గడియారంలో పన్నెండు, ఆరు ఉండే చోట పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టక్‌మని తగిలితే అది వీల్ బేరింగైనా కావచ్చు, బాల్ జాయింటైనా కావచ్చు. ఒకరిని ఎక్కించి బ్రేకు తొక్కి పట్టుకోమనండి, మళ్లీ ఊపండి. ఆట పోయిందా, బేరింగ్. అలాగే ఉందా, బాల్ జాయింట్. ముందు కూడా కమాన్ కట్టలే ఉన్న బళ్లలో అయితే కింగ్ పిన్ (చక్రం పక్కకి తిరగడానికి ఇరుసు చివర ఉండే లావు పిన్ను). తర్వాత మూడు, తొమ్మిది దగ్గర పట్టుకుని ఊపండి, అక్కడ తగిలితే టై రాడ్ ఎండ్‌లు, స్టీరింగ్ లింకులు చూడాలి. చివరగా టైరు కింద గడ్డపార పెట్టి పైకి ఎత్తి చూడండి, ఆ డ్రైవర్ బండిలో లోయర్ బాల్ జాయింట్ దగ్గర ఆట కంటికి కనపడింది. రబ్బరు బూటు చిరిగి లోపల గ్రీజు బదులు ఎర్రమట్టి ఉంది.

ఇది చూపించగానే అతను అడిగిన మాట: "ఇంజిన్ దాకా వచ్చిందా?"

నాకు జాలేసింది. ఒకటే బండి, దాని మీదే కిస్తీ, ఇల్లు. ఇలాంటివాళ్లకి "ముందు భాగం మొత్తం విప్పాలి" అని ఎవరో భయపెడతారు, దాంతో వీళ్లు అసలు పని వాయిదా వేసి చిన్న చిన్న ఖర్చులు పెడుతూ పోతారు. ఇంజిన్‌కీ దీనికీ సంబంధం లేదు బాబూ. ఆర్మ్‌లు, బుష్‌లు, జాయింట్లు, బోల్టులు, అంతే. అన్నీ మార్చాలనీ లేదు, ఆట ఉన్నది మార్చాలి. బాల్ జాయింట్లు, బుష్‌లు మాత్రం రెండు పక్కలా ఒకేసారి మార్చమంటాను, ఎందుకంటే రెండూ ఒకే రోడ్డు మీద ఒకే వయసుకి వచ్చాయి.

టైమ్ ఎక్కువ పట్టేది తుప్పు పట్టిన బోల్టుల దగ్గర. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి వచ్చే చేపల బళ్లు, రొయ్యల బళ్లు చూస్తే తెలుస్తుంది, ఉప్పునీళ్లకి ఆర్మ్ బోల్టు బుష్ లోపలి స్లీవ్‌తో (బోల్టు దూరే ఇనప గొట్టంతో) ఒకటైపోతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచుతాం, అయినా కదలకపోతే బుష్‌కీ బ్రాకెట్‌కీ మధ్య సందులో బ్లేడు పెట్టి బోల్టు కోసి తీయడమే. కొత్త బోల్టుకి నడుము భాగంలో కాస్త గ్రీజు రాసి వేస్తే తర్వాతి మెకానిక్ మిమ్మల్ని తిట్టుకోడు.

అపోహ: కొత్త బుష్‌లు మూడు నెలలకే చిరిగాయంటే డూప్లికేట్ వేశారు.

డూప్లికేట్‌లు ఉన్నాయి, కాదనను. కానీ నేను చూసినవాటిలో ఎక్కువ భాగం మంచి బుష్‌లే, బిగించడంలోనే తప్పు. ఈ తప్పు నేనూ చేశాను. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో ఒక బండికి లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్చి, బండి స్టాండ్ల మీద ఉండగానే, చక్రాలు వేలాడుతుండగానే బోల్టులన్నీ బలంగా బిగించేశాను. నాకున్న బలం చూపించాలి కదా. మా గురువుగారు చూసి ఏం తిట్టలేదు. నా ముంజేయి పట్టుకుని ఒక పక్కకి మెలితిప్పి, "ఇట్టాగే ఉంచి సాయంత్రం దాకా పని చెయ్యి" అన్నాడు. రెండు నిమిషాలకే నొప్పెట్టి "వదలండి బాబాయ్" అన్నాను. "రబ్బరుకి నోరు లేదురా, అదీ తేడా" అన్నాడు.

ఆ బుష్‌లో రబ్బరు లోపలి స్లీవ్‌కీ బయటి షెల్‌కీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి స్లీవ్ బ్రాకెట్‌లో బిగుసుకుపోతుంది, ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా రబ్బరే మెలితిరుగుతుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందికి దిగి నిలబడేసరికే రబ్బరు మెలితిరిగి ఉంటుంది. ఖాళీగా నిలబడ్డా దానికి విశ్రాంతి లేదు. కాబట్టి బోల్టులు చేత్తో పట్టేంత వరకే ఎక్కించి, చక్రాలు వేసి, బండిని నేల మీదికి దించి, నాలుగుసార్లు ముక్కు కిందికి నొక్కి వదిలి, అప్పుడు కిందకి దూరి బిగించాలి. ఒంటికి ఇబ్బందే, కిందనే పడుకుని స్పానర్ తిప్పాలి, అందుకే చాలామంది ఎగ్గొడతారు. మీ మెకానిక్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "బోల్టులు బండి దించాక బిగిస్తావా, పైనుండగానా?" సమాధానంలోనే మనిషి తెలిసిపోతాడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ముందు భాగం కుంగితే టార్షన్ బార్ బోల్టు బిగిస్తే కొత్త బండి అవుతుందట. ఎత్తు పెరుగుతుంది, బార్ గట్టిదనం ఇసుమంతైనా పెరగదు. పైగా ఎత్తు మారితే క్యాంబర్, టో రెండూ మారతాయి. బార్లు విప్పేటప్పుడు బోల్టు ఎన్ని మరలు బయటికుందో లెక్కపెట్టి రాసుకోండి, ఎడమది కుడికి వేయొద్దు, ఒక్కో బారు దాని దిక్కుకే మెలితిరగడానికి చేసినది.

షాకబ్జర్లు మారిస్తే లోడుకి కుంగదు అనేది ఇంకోటి. లోడు మోసేది స్ప్రింగు, కమాను, టార్షన్ బార్. షాకబ్జర్ ఊగడాన్ని ఆపుతుంది, అంతే.

కిర్రుమంటోందని బుష్‌లకి వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం, డీజిల్ కొట్టడం. రెండు రోజులు శబ్దం ఆగుతుంది, తర్వాత రబ్బరు ఉబ్బి మెత్తబడి చచ్చిపోతుంది.

విరిగిన కమాన్ పట్టీకి, ఆట వచ్చిన బాల్ జాయింట్‌కి వెల్డింగ్ పెట్టడం. ఇది చేసే షెడ్డు కనపడితే అక్కడ టీ కూడా తాగొద్దు. వేడికి పట్టీ పదును పోతుంది, ఆ అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

ఇక చిన్నదే కానీ చెప్పకుండా ఉండలేను, బాల్ జాయింట్ క్యాజిల్ నట్టుకి (పైన గాళ్లు ఉండే నట్టు) స్ప్లిట్ పిన్ రంధ్రం కుదరకపోతే నట్టు ముందుకే బిగించి కుదర్చాలి, వెనక్కి వదులు చేసి కాదు. పిన్ను అసలు వేయకుండా పంపించిన బండి కూడా నా దగ్గరికి వచ్చింది.

ఆ జెనాన్‌కి రెండు లోయర్ బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు నాలుగూ, ఒక టై రాడ్ ఎండ్ మార్చాం. ఎత్తు రెండు పక్కలా టేపుతో కొలిచి సమం చేశాం. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి వచ్చి బోల్టుల బిగువు చూపించుకోమన్నాను. పాత జాయింట్ అతని చేతికిస్తే చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, గిలక్కాయలా మోగింది. "ఇదా నా టైర్లు తిన్నది" అని జేబులో వేసుకున్నాడు. బండెక్కబోతూ ఆగి, కాస్త మొహమాటంగా అడిగాడు: "అయితే ఇంక అలైన్‌మెంట్ అక్కర్లేదా మేస్త్రిగారూ?"

"ఇప్పుడే కావాలి. ఇటునుంచి ఇటే పో" అన్నాను.